పాత చిత్రాల్లో రాకాసి గుళ్ళు: మరుగునపడ్డ సమాధులను పైనుంచి వెతకడం ఎలా

గుట్ట కింద మొరం చెలకలో, సగం భూమిలోకి దిగిన గుండ్లు ఎవరో పేర్చినట్టు గుండ్రంగా కనిపిస్తే అవి చాలావరకు సమాధులే. ఇనుము వాడకం మొదలైన కాలంలో, అంటే సుమారు మూడు వేల నుంచి రెండు వేల ఏళ్ళ కిందట ఇక్కడ బతికినవాళ్ళు కట్టుకున్నవి. పుస్తకాల్లో బృహత్ శిలాయుగపు సమాధులంటారు. మా వైపు రాకాసి గుళ్ళు అంటారు, కొన్ని ఊళ్ళలో పాండవుల గుళ్ళు. తెలంగాణలో ఇవి లేని మండలం వెతకాల్సిందే. కృష్ణ ఒడ్డున ముడుమాల్ నిలువురాళ్ళు 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాకెక్కాయి. సిద్దిపేట జిల్లా నర్మెటలో 2017లో తవ్వినప్పుడు ఒక సమాధి కప్పుబండ లేపడానికి క్రేన్ తెప్పించాల్సి వచ్చింది. ఇలా పేరు తెలిసినవి కొన్నే. ఏ జాబితాలోనూ లేనివి వాటికి ఎన్నో రెట్లు ఉన్నాయి, రోజూ పోతున్నాయి.

నేను మండల సర్వేయర్‌గా పనిచేసి రిటైరయ్యాను. గొలుసు లాగిన రోజుల నుంచి ఉపగ్రహ సంకేతాలతో కొలిచే డీజీపీఎస్ దాకా అన్నీ చేతిలో పట్టుకున్నవాణ్ణి. కొలతలకు పోయినప్పుడు చూసిన గుండ్ల వలయాలు, అదే సర్వే నంబరు ప్లాట్లుగా విడగొట్టే నాటికి ఉండేవి కావు. కాగితంలో ఎక్కడా రాసి లేదు కాబట్టి పోయాయని చెప్పడానికి ఆధారమూ ఉండేది కాదు. అందుకే ఇప్పుడు పైనుంచి తీసిన చిత్రాల్లో వీటిని వెతికే పని పెట్టుకున్నాను. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళందరికీ నేను ముందుగా చెప్పేది ఒకటే: మంచి క్వాలిటీ ఉన్న కొత్త చిత్రం కోసం పాకులాడకండి. మసకగా ఉన్నా పాత చిత్రం దొరికితే దాని దగ్గర కూర్చోండి. జేసీబీలు ఊళ్ళలోకి రాకముందు తీసిన చిత్రంలో ఉన్నది, ఈనాటి ఎంత స్పష్టమైన చిత్రంలోనూ కనిపించకపోవచ్చు.

ముందు కాగితాలు, తర్వాతే కంప్యూటర్

జిల్లా మొత్తం తెర మీద జల్లెడ పట్టాలంటే కళ్ళు పోతాయి. ఎక్కడ వెతకాలో ముందు తగ్గించుకోవాలి. సర్వే ఆఫ్ ఇండియా 1:50,000 స్కేలు పటాలు వాళ్ళ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. వాటిలో గుట్టలు, వాగులు, చెరువులు గుర్తుపట్టండి. ఈ సమాధులు మంచి వరిపొలాల్లో అరుదు. గుట్ట పాదంలో, రాతిబండలు దగ్గరగా ఉండే ఎర్రనేలలో, నీటికి అందుబాటులో ఉన్నా సాగుకి అంతగా పనికిరాని చోట ఉంటాయి. ఆ చుట్టుపక్కలే పాటిగడ్డ, అంటే పాత జనావాసపు దిబ్బ ఉంటుంది. బూడిదరంగు మన్నుతో ఉండే ఆ గడ్డ ఉపగ్రహ చిత్రంలో చుట్టూ ఉన్న ఎర్రనేల నుంచి విడిగా తెలుస్తుంది. పాటిగడ్డ దొరికిందంటే దాని చుట్టూ ఒకటి రెండు కిలోమీటర్లు శ్రద్ధగా చూడాలి.

ఇంకొక ఆధారం మా శాఖ కాగితాల్లోనే ఉంది. పాత పహాణీ, అంటే ఊరి భూముల సాగు లెక్క రాసిన పుస్తకం తీసి చూడండి, వీలైతే 1954-55 ఖాస్రా పహాణీ. పట్టా భూమిలో నడిమధ్యన రెండు గుంటలో, నాలుగు గుంటలో పోట్ ఖరాబు అని రాసి ఉంటే, అంటే సాగుకి రానిదని తీసేసి ఉంటే, అక్కడ ఏదో ఉందన్నమాట. బండ కావచ్చు, బావి కావచ్చు, రాకాసి గుడీ కావచ్చు. ఊళ్ళో చేల పేర్లు కూడా అడగండి. గుళ్ళ చెలక, రాకాసి కంచ, పాండవుల బండ లాంటి పేరు వినపడితే ఆ సర్వే నంబరు మీద మొదటి గుర్తు పెట్టుకోండి.

గూగుల్ ఎర్త్‌లో ఏ నెల చిత్రం చూడాలి

కంప్యూటర్‌లో గూగుల్ ఎర్త్ ప్రో ఉచితం. ఫోన్‌లో కుదరదని కాదు గానీ పెద్ద తెర ఉంటే కన్ను సులువుగా పడుతుంది. పైన గడియారం గుర్తు నొక్కితే అదే చోటుకి పాత తేదీల చిత్రాలు వరుసగా వస్తాయి. చాలామంది ఈ గుర్తు జోలికే పోరు. అసలు పనంతా అక్కడే ఉంది.

వానాకాలం చిత్రాలు పక్కన పెట్టేయండి, గడ్డి అన్నిటినీ కప్పేస్తుంది. ఫిబ్రవరి చివరి నుంచి మే దాకా తీసినవి మొదట చూడండి. గడ్డి ఎండి, తుప్పల ఆకు రాలి, నేల బయటపడి ఉంటుంది. ఆ తర్వాత డిసెంబర్, జనవరి చిత్రాలు. అప్పుడు పొద్దు వాలుగా ఉంటుంది కాబట్టి మూరెడు ఎత్తు రాయికి కూడా నీడ పడుతుంది. ఈ రెండు రకాలూ కలిపి చూస్తేనే నమ్మకం కుదురుతుంది.

నీడల విషయంలో ఒక జాగ్రత్త. ఈ చిత్రాలు ఎక్కువగా ఉదయం పది పదకొండు గంటల ప్రాంతంలో తీసినవి. చలికాలంలో వెలుగు ఆగ్నేయం నుంచి వస్తుంది, నీడ వాయవ్యానికి పడుతుంది. ఉత్తరం పైకి పెట్టి చూస్తే వెలుగు తెర కింది నుంచి వస్తున్నట్టు ఉంటుంది. వెలుగు పైనుంచే వస్తుందని మన కంటికి అలవాటు. దాంతో గొయ్యి దిబ్బలాగా, దిబ్బ గొయ్యిలాగా కనిపిస్తుంది. దిక్సూచి వలయం పట్టుకుని చిత్రాన్ని తలకిందులుగా తిప్పండి. నీడలు కిందికి పడేలా పెట్టుకుంటే ఎత్తుపల్లాలు సరిగ్గా కనపడతాయి.

భూమికి మూడు నాలుగు వందల మీటర్ల ఎత్తులో కన్ను నిలిపి, చెలకను దున్నినట్టు ఒక కొస నుంచి ఇంకో కొసకు వరుసగా పోండి. ఇష్టమొచ్చిన చోటికి దూకితే కొన్ని తావులు వదిలేస్తారు. మీరు వెతికేది ఎనిమిది నుంచి పదిహేను మీటర్ల వెడల్పు వలయం. స్పష్టమైన చిత్రంలో గుండ్లు విడివిడిగా చుక్కల్లా తెలుస్తాయి. మసక చిత్రంలో ఒక లేత ఉంగరం, మధ్యలో కాస్త ఎత్తు, లేదా మధ్యలో ఒక పొద. రైతు చుట్టూ దున్ని గుండ్లున్న చోటు వదిలేస్తాడు కాబట్టి సాగుచేనిలో ద్వీపంలా తుప్పలు మిగిలిపోతాయి. నాగలి చాళ్ళు ఆ తుప్పల దగ్గరికి వచ్చి వంపు తిరుగుతాయి. ఆ వంపును బాగా గమనించండి. గుండ్లు తీసేసిన తర్వాత కూడా కొన్నేళ్ళు అది అలాగే ఉంటుంది.

ఇంకో గుర్తు చూస్తే బాధేస్తుంది. వలయం మధ్యలో నల్లటి చుక్క, దాని పక్కన లేతరంగు మన్ను కుప్ప ఉన్నాయంటే లంకెబిందెల కోసం ఎవరో తవ్విన గొయ్యి అది. లోపల ఉండేవి కుండలు, ఎముకలు, ఇనుప పనిముట్లు. బంగారం ఉందన్న ఆశతో అన్నిటినీ పగలగొట్టి పోతారు. తేదీలు వెనక్కి జరిపి ఆ గొయ్యి ఏ రెండు చిత్రాల మధ్య పుట్టిందో రాసి పెట్టుకోండి. ఫిర్యాదు చేయాల్సి వస్తే అది పనికొస్తుంది.

ఇస్రో వాళ్ళ చిత్రాల వెబ్‌సైట్ భువన్‌నూ పక్కన తెరిచి పెట్టుకోండి. ఒకచోట మబ్బు పట్టిన తేదీకి ఇంకోచోట మంచి చిత్రం దొరకవచ్చు. సెంటినెల్-2 లాంటి ఉచిత చిత్రాల గురించి వినే ఉంటారు. వాటిలో ఒక చుక్క (పిక్సెల్) పది మీటర్లు, అంటే మన సమాధి మొత్తం ఒక్క చుక్కలో మాయమైపోతుంది. ఈ పనికి అవి రావు.

గూఢచారి ఉపగ్రహాల చిత్రాలు

1960 నుంచి 1972 దాకా అమెరికా కరోనా అనే గూఢచారి ఉపగ్రహాలతో ఫిల్ము మీద ఫొటోలు తీసింది. వాటిని 1995లో బయటపెట్టారు. సిరియా, ఇరాక్‌లలో పాత ఊళ్ళ దిబ్బలు, దారులు ఎన్నో వీటితోనే గుర్తించారు. మన నేల కూడా వాటిలో ఉంది. అమెరికా భూగర్భ సర్వే వాళ్ళ ఎర్త్ ఎక్స్‌ప్లోరర్ సైటులో ఖాతా తెరిచి, మీ ఊరి మీద గుర్తు పెట్టి, డేటా జాబితాలో డీక్లాసిఫైడ్ అన్న విభాగం ఎంచుకోండి. ఇదివరకే స్కాన్ చేసిన ఫ్రేములు ఉచితంగా దిగుతాయి. చేయనివాటికి రుసుము కట్టాలి. ముందు చిన్న నమూనా బొమ్మ తెరిచి మబ్బులు లేవని చూసుకున్నాకే ముందుకెళ్ళండి.

వాటిలో 1967 తర్వాత వచ్చిన కెహెచ్-4బి కెమెరా చిత్రాలైతే దాదాపు రెండు మీటర్ల దాకా తెలుస్తుంది. పన్నెండు మీటర్ల వలయం అందులో ఆరేడు చుక్కల వెడల్పు. విడి గుండ్లు కనపడవు, చిన్న ఉంగరాల గుంపు కనపడుతుంది. సమాధులు ఒంటరిగా ఉండేది తక్కువ కాబట్టి గుంపే మనకు దారి. ఆ తర్వాతి గూఢచారి ఉపగ్రహాలైన హెక్సాగన్ చిత్రాలు మీ ప్రాంతానికి దొరికితే ఇంకా నయం, వాటిలో మీటరు వరకూ తెలుస్తుంది. 1980ల్లో నీళ్ళు నిండిన శ్రీశైలం ముంపు ప్రాంతానికి ఈ ఫిల్ములు పాత నేలను చూపిస్తాయి. హైదరాబాద్ చుట్టూ కాలనీలు మింగేసిన నేలకూ అంతే. సికింద్రాబాద్ హష్మత్‌పేట సమాధుల చుట్టూ ఒకప్పుడు ఎంత ఖాళీ ఉండేదో ఈ చిత్రాల్లో చూస్తే గుండె చెరువవుతుంది.

దిగిన చిత్రం నేరుగా పటం మీద కూర్చోదు. ఉచితంగా దొరికే పటాల సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్‌లో జియోరిఫరెన్సర్ తెరిచి, అప్పుడూ ఇప్పుడూ మారని బిందువులు జత చేయాలి. ఇళ్ళు, రోడ్లు నమ్మొద్దు, అవి మారిపోయాయి. చెరువు కట్ట వంపులు, మత్తడి, గుట్ట మీది ఒంటి బండ, రైల్వే వంతెన లాంటివి తీసుకోండి. మన చెరువు కట్టలు వందల ఏళ్ళుగా అక్కడే ఉన్నాయి, ఇంతకన్నా గట్టి గుర్తులు దొరకవు. కరోనా కెమెరా అడ్డంగా ఊగుతూ తీసింది కాబట్టి ఫిల్ము అంచుల్లో నేల సాగిపోయి ఉంటుంది. మొత్తం ఫ్రేము సరిచేయాలని చూడకండి. ఊరి చుట్టూ నాలుగైదు కిలోమీటర్ల ముక్క కత్తిరించి, పదిహేను ఇరవై బిందువులు పెట్టి, థిన్ ప్లేట్ స్ప్లైన్ పద్ధతి ఎంచుకుంటే నడిచి పోయి వెతుక్కునేంత దగ్గరగా కుదురుతుంది.

ఏది సమాధి కాదు

ఇక్కడే ఓపిక కావాలి. గుండ్రంగా కనిపించేవి పల్లెల్లో బోలెడు. కల్లం గుండ్రంగా ఉంటుంది, కానీ అంచులో గుండ్లుండవు, కోతల తర్వాత మెరిసి వానలకు మాసిపోతుంది. గడ్డివాము ఏటా జరుగుతుంది. గొర్రెల మంద పెట్టిన చోట నల్ల మచ్చ పడి, మరుసటి పంటలో పచ్చగా కనిపించి, ఆపై మాయమవుతుంది. మోటబావి అయితే లోపలి గోడ మీద ఒకవైపే నీడ పడుతుంది, దాని దాకా కాలిబాట ఉంటుంది. బొగ్గు బట్టీ పెట్టిన చోట నేలంతా నల్లగా ఉంటుంది. చేనిలోని రాళ్ళు ఏరి పోసిన కుప్పలకు ఆకారముండదు, గెట్టు వెంబడి ఉంటాయి.

వీటన్నిటినీ విడదీసేది మళ్ళీ తేదీల పోలికే. మూడు నాలుగు వేర్వేరు ఏళ్ళ చిత్రాల్లో అదే చోట, అదే కొలతతో నిలిచి ఉన్న ఉంగరాన్నే నేను లెక్కలోకి తీసుకుంటాను. ఒకే చిత్రంలో ఉన్నదానికి పసుపు గుర్తు, నిలకడగా ఉన్నదానికి ఎరుపు, పాతదాంట్లో ఉండి కొత్తదాంట్లో లేనిదానికి నలుపు. నల్ల గుర్తులను తీసిపారేయకండి. పైన గుండ్లు పోయినా కింద రాతి పలకల గూడు మిగిలి ఉండొచ్చు.

నడవాలి

తెర మీద ఎంత బాగా కనపడినా అది అనుమానమే. ఎండాకాలం పొద్దున్నే పోండి, రైతు అనుమతి తీసుకోండి. గొర్లు, మేకలు కాసేవాళ్ళతో మాట్లాడండి, వాళ్ళకు తెలియని రాయి ఉండదు. నేను ఫోన్‌లో చిత్రం చూపిస్తే ఒక ముసలి కాపరి తల కూడా వంచకుండా చెప్పాడు: "గవా సారూ, రాకాసి గుండ్లు. ఆడ నాగలి దిగది. మా నాయిన గూడ దున్నలె."

వలయం దగ్గరికి చేరాక రెండు దిక్కుల్లో టేపు పట్టి వెడల్పు కొలవండి. పైకి కనిపిస్తున్న గుండ్లు ఎన్నో లెక్కపెట్టండి. మధ్యలో పలక అంచు ఏమైనా పైకి తేలిందా చూడండి. నిటారుగా పాతిన పలకలు పెట్టెలా కలిస్తే అది గూడు సమాధి. కప్పుబండ మీద చిన్న చిన్న గిన్నెల్లాంటి గుంటలుంటే ఫొటో తీయండి. ముడుమాల్‌లో అలాంటి గుంటలతో సప్తర్షి మండలం చెక్కిన రాయి ఉంది. నేల మీద పెంకులు చూడండి: లోపల, మూతి దగ్గర నల్లగా, కింద ఎర్రగా, రెండు రంగులూ ఒకే పెంకులో ఉంటే మీరు సరైన చోటే ఉన్నారు. ఫొటో పక్కన స్కేలు పెట్టండి, ఉత్తరం గుర్తు పెట్టండి. పెంకు మాత్రం అక్కడే వదిలేయండి, జేబులో వేసుకుంటే అది ఉన్న చోటు చెప్పే సాక్ష్యం పోతుంది.

డ్రోన్ ఉంటే

పావుకిలో లోపు బరువున్న నానో డ్రోన్‌కి 2021 నిబంధనల ప్రకారం పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు. అయినా ఎగరేసే ముందు విమానయాన శాఖ వాళ్ళ డిజిటల్ స్కై మ్యాపులో మీ చోటు గ్రీన్ జోన్‌లో, అంటే ముందస్తు అనుమతి అక్కర్లేని చోట ఉందో లేదో చూసుకోండి. రక్షిత కట్టడాల దగ్గర, అడవిలో ఆయా శాఖల అనుమతి లేకుండా ఎగరేయొద్దు. ముప్ఫై నలభై మీటర్ల ఎత్తులో, ఫొటోకీ ఫొటోకీ నూటికి ఎనభై పాళ్ళు కలిసేలా తీసి, ఫొటోలను అతికే సాఫ్ట్‌వేర్ వెబ్ ఓడీఎంలో వేస్తే నేల ఎత్తుపల్లాల నమూనా వస్తుంది. దాన్ని క్యూజీఐఎస్‌లో హిల్‌షేడ్‌గా, అంటే వెలుగునీడల బొమ్మగా మార్చి, వెలుగు కోణం ఇరవై డిగ్రీలకు దించి, నాలుగు దిక్కుల నుంచీ మార్చి మార్చి చూడండి. నడిచినప్పుడు కాలికి తెలియని జానెడు ఎత్తు కూడా అందులో ఉంగరంలా లేస్తుంది.

ఫొటోలతో చేసే నమూనా ఆకుల కిందికి చూడలేదు. టేకు అడవిలో ఆకు రాలిన మార్చిలో తీస్తే సరిపోతుంది. గుండాల మండలం దొంగతోగు లాంటి అడవి తావులకు అదే అదను. సర్కారు తుమ్మ మాత్రం ఎండాకాలంలోనూ పచ్చగానే ఉంటుంది. దాని కింద నేల చూడాలంటే లైడార్ కావాలి. లేజర్ కిరణాలు ఆకుల సందుల్లోంచి నేలను తాకి వస్తాయి. అది సొంతంగా భరించే ఖర్చు కాదు, విశ్వవిద్యాలయం వాళ్ళు తోడుంటేనే సాధ్యం. థర్మల్ కెమెరా దొరికితే చలికాలం తెల్లవారుజామున, పొద్దు పొడవకముందు తీయండి. పగలు కాగిన రాయి ఆ వేళకు కూడా పక్క మన్నుకన్నా వెచ్చగా ఉండి, మట్టి పలచగా కప్పిన గుండ్లు కూడా బయటపడతాయి.

నేల లోపలికి చూసే రాడార్

జీపీఆర్ యంత్రం నేలలోకి రేడియో తరంగాలు పంపి, తిరిగొచ్చిన ప్రతిధ్వనిని గీస్తుంది. మనలాంటివాళ్ళు సొంతంగా నడిపేది కాదు. విశ్వవిద్యాలయాల భూభౌతిక విభాగాలు, ఉప్పల్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్జీఆర్‌ఐ) లాంటివాటికి ఇది రోజువారీ పని. కానీ వాళ్ళను అడగడానికి పోయేముందు ఎక్కడ పనిచేస్తుందో తెలిసి ఉండాలి. ఎండిన ఎర్రనేలలో, మొరంలో 400 మెగాహెర్ట్జ్ యాంటెన్నా రెండు మూడు మీటర్లు చూస్తుంది. నల్లరేగడిలో, ముఖ్యంగా తడిగా ఉంటే, తరంగం పైనే ఇంకిపోతుంది. కాబట్టి ఏప్రిల్, మే నెలలు అడగండి. అరమీటరుకో గీత చొప్పున నిలువుగా, అడ్డంగా రెండు వైపులా లాగించమనండి.

మన గ్రానైట్ నేలకో ప్రత్యేక చిక్కుంది. శిథిలమైన మొరంలో సహజంగానే గుండ్లు దాగి ఉంటాయి. ప్రతి గుండూ రాడార్ గీతలో ఒక విల్లు వంపు ఇస్తుంది. దాన్ని చూసి సమాధి అని సంబరపడకూడదు. కప్పుబండ అయితే వెడల్పాటి చదును గీత, రెండు కొసల్లో వంపులు వస్తాయి. కింద ఖాళీ ఉంటే ప్రతిధ్వని మెట్లు మెట్లుగా మళ్ళీ మళ్ళీ పడుతుంది. అన్ని గీతలనూ కలిపి లోతుల వారీగా పైనుంచి చూసే పటం చేస్తారు, అది తప్పకుండా అడిగి తీసుకోండి. అందులో దీర్ఘచతురస్రం కనపడితే ధైర్యంగా ఉండొచ్చు, శిథిలమైన గ్రానైట్ గుండ్లు గుండ్రబడతాయే తప్ప పెట్టెలా లంబకోణాలు కట్టవు.

నిన్నమొన్నటి శ్మశానాల హద్దులు పోయినచోట కూడా ఇదే యంత్రం పనికొస్తుంది. ఎముకలు కనపడతాయని చాలామంది అనుకుంటారు, కనపడవు. తవ్వి పూడ్చిన మన్ను చుట్టూ ఉన్న నేలకన్నా తేడాగా పలుకుతుంది, అంతే. మన దేశంలో ముస్లిముల సమాధులు ఉత్తర దక్షిణాలుగా, క్రైస్తవులవి ఎక్కువగా తూర్పు పడమరలుగా వరుసల్లో ఉంటాయి. రాడార్ గీతలు సమాధుల పొడవుకు అడ్డంగా దాటేలా లాగాలి. ఆ పని కుటుంబాలతో, మసీదు లేదా చర్చి పెద్దలతో మాట్లాడి, వాళ్ళు సరేనన్నాకే.

దొరికాక

తవ్వొద్దు. గునపం మొనతో పొడిచి చూడటం కూడా వద్దు. 1878 నాటి గుప్తనిధుల చట్టం ప్రకారం భూమిలో దొరికిన పది రూపాయలకు పైబడిన విలువున్న ఏ వస్తువు గురించైనా కలెక్టర్‌కి తెలపాలి.

అక్షాంశ రేఖాంశాలు వాట్సాప్ గ్రూపుల్లో, ఫేస్‌బుక్‌లో పెట్టకండి. యూట్యూబ్ వీడియోకి మంచి సరుకని అనిపించవచ్చు. చెప్పిన వారంలోపే గునపాలు వస్తాయి. ఫొటోలో ఫోన్ దాచుకున్న లొకేషన్‌ని కూడా తీసేశాకే ఎవరికైనా పంపండి. పేపరువాళ్ళకు ఊరి పేరు చాలు, సర్వే నంబరు అక్కర్లేదు.

చెప్పాల్సిన చోట మాత్రం పూర్తిగా చెప్పండి. ఒక్కో గుంపుకీ ఒక పేజీ: ఊరు, మండలం, సర్వే నంబరు, ఐదు దశాంశాల వరకు అక్షాంశ రేఖాంశాలు, వలయాల లెక్క, వెడల్పు, ఫొటోలు, పాత చిత్రం కొత్త చిత్రం పక్కపక్కన, ముప్పేమిటో ఒక వాక్యం. తెలంగాణలో అయితే వారసత్వ శాఖకి, ఆంధ్రప్రదేశ్‌లో పురావస్తు, ప్రదర్శనశాలల శాఖకి ఒక కాపీ, కలెక్టర్‌కి ఒకటి ఇచ్చి, రసీదు తీసుకోండి. తహసీల్ ఆఫీసులో కూడా ఒక కాపీ ఉంచండి. ల్యాండ్ కన్వర్షన్ ఫైలు కదిలేటప్పుడు ఆ కాగితం అక్కడ ఉండటం ముఖ్యం. రైతును శత్రువుని చేసుకోవద్దు. సమాధి ఉందంటే భూమి పోతుందని ఆయనకు టెన్షన్ పట్టుకుంటుంది. తరతరాలుగా దున్నకుండా వదిలిపెట్టింది వాళ్ళ కుటుంబమే కాబట్టి అర్జీలో ఆ మాట కూడా రాయండి, ఆయన ముందు చదివి వినిపించండి.

ఆ తర్వాత ఏటా ఏప్రిల్‌లో కొత్త చిత్రం వచ్చిందేమో చూసి, ఎర్ర గుర్తులన్నీ ఒకసారి తిరిగి తనిఖీ చేయండి. ఎక్కడైనా వలయం తెగితే, కొత్త గొయ్యి పడితే, లేఅవుట్ రోడ్డు దగ్గరికొస్తే, ఆ రెండు తేదీల చిత్రాలనూ రసీదు నంబరుతో కలిపి అదే రోజు పంపండి.